వరసల దగ్గర కాస్త ఆగుదాం

సభకు నమస్కారం. సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులూ, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వయొలిన్ పట్టుకునే పెద్దలూ మొదటి స్వర పాఠాలైన వరసల గురించి నన్ను తరచుగా అడిగేది ఒకటే: "వరసలు ఇంకెన్నాళ్లండీ, కీర్తన ఎప్పుడు?" మూడో నెలలోనే ఇదే ప్రశ్న వేసి మా గురువుగారి చేత చీవాట్లు తిన్నవాణ్ణి కనుక ఆ తొందర నాకు తెలియనిది కాదు.

పురందరదాసు ఏర్పరచినవని చెప్పుకునే సరళీ వరసలను మాయామాళవగౌళలో సాధకం చేయడంలోని ఒక సౌలభ్యం వయొలిన్ మీద కంటికే కనిపిస్తుంది. 15వ మేళకర్త (మూల రాగం) అయిన ఈ రాగంలో సరిగమల నడుమ ఎంతెంత ఎడం ఉందో పదనిసల నడుమా అంతే ఉంటుంది. మనం తీగలను స-ప-స-ప అని శ్రుతి చేస్తాం కనుక షడ్జమం (స) తీగ మీద వేళ్లు పడిన చోట్లే పంచమం (ప) తీగ మీదా పడతాయి. రిషభం (రి) షడ్జమాన్ని ఆనుకునే ఉంటుంది, అక్కడి నుంచి గాంధారానికి (గ) మూడు స్వరస్థానాలు సాగాలి, మధ్యమం (మ) మళ్లీ పక్కనే. కొత్తవాళ్ల వేలు ఆ మూడింటికి సాగక గాంధారం కిందుగా పలుకుతుంది. అదే వేలితో వాయించే నిషాదమూ కిందుగానే పలికితే లోపం చెవిలో ఉందా, చేతి కొలతలో ఉందా అని వెతకడానికి గురువుకు ఒక ఆధారం దొరుకుతుంది.

మొదటి కాలంలో, అంటే నిదానపు వేగంలో, అక్షరానికి (తాళంలోని ఒక్కో లెక్కకు) ఒక స్వరం, మూడో కాలంలో నాలుగు. వేగంలో అపస్వరం చెవిన పడకముందే జారిపోతుంది. అందుకే మూడో కాలం అందరికీ ముద్దు. నిదానంలో అపస్వరం తప్పించుకోలేదు.

వరసల తర్వాత నేర్చుకునే వర్ణం దగ్గర మరో అలవాటు చూస్తాను. తడబడిన ప్రతిసారీ పల్లవి నుంచి ఎత్తుకోవడం వల్ల, ముందే బాగున్న పల్లవి ఇంకా నునుపెక్కుతుంది, చివర వచ్చే చరణ స్వరాలు మాత్రం గరుకుగానే మిగిలిపోతాయి. కాలు జారిన ఆ నాలుగు స్వరాలనే, ముందొకటి వెనకొకటి కలిపి, మొదటి కాలంలో పదిసార్లు వాయించడం విసుగే, కాని అక్కడ పని జరుగుతుంది. తర్వాత ఫోనులో రికార్డు చేసి వినండి. వాయించేటప్పుడు మన చెవి మనల్నే వెనకేసుకొస్తుంది.

ఉద్యోగస్థులు ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట కూర్చోవడం మేలు.

వాద్యాలు తెచ్చినవారు బయటికి తీయండి. తంబూరా పెడుతున్నాను. షడ్జమం ఒక్కటే, కమాను నిండుగా లాగి, శ్రుతిలో కలిసేదాకా వాయిద్దాం.