గేటు లేదంటే ఫ్రీ అని కాదు: బెర్లిన్‌లో టికెట్ కొని కూడా ఫైన్ కట్టేవాళ్ల కోసం

[బెర్లిన్, అలెగ్జాండర్‌ప్లాట్జ్ స్టేషన్. యూ8 లైన్ ప్లాట్‌ఫామ్. వెనక ట్రైన్ వెళ్లిపోతున్న చప్పుడు.]

నమస్తే అండీ. బెర్లిన్‌లో ఏమేం చూడాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, ఇది అలాంటిది కాదు. ఒక్క విషయం మీద ఒళ్లు మండి ఈ వీడియో చేస్తున్నాను. "యూరప్‌లో మెట్రోకి గేట్లే ఉండవు మామా, అంతా ఫ్రీ" అని మొన్న మళ్లీ ఒకాయన రీల్ పెట్టాడు. దానికి బోలెడు లైకులు కూడా.

గేట్లు లేని మాట నిజమే. నేనిప్పుడు రోడ్డు మీద నుంచి మెట్లు దిగి నేరుగా ప్లాట్‌ఫామ్ మీదకి వచ్చేశాను. అమీర్‌పేటలో లాగా క్యూఆర్ కోడ్ చూపిస్తే తెరుచుకునే గేటు లేదు, బ్యాగు తనిఖీ లేదు. ట్రైన్ ఎక్కాక కండక్టర్ కూడా రాడు.

మా ఊళ్లో చాలా చేలకి కంచె ఉండేది కాదు. అలాగని అందులోకి గేదెను తోలితే ఏమయ్యేది? అప్పటిదాకా కనపడని కాపలావాడు మంచె దిగొచ్చి, గేదెను తోలుకెళ్లి బందెలదొడ్డిలో కట్టేసేవాడు. డబ్బు కడితేనే వదిలేది. "చూసుకోలేదయ్యా, పొరపాటున దూరింది" అంటే వినేవాడే లేడు. బెర్లిన్ మెట్రో అచ్చం అలాంటి కంచె లేని చేను. కంచే చేను మేసిందని మనకో సామెత ఉంది. ఇక్కడ కంచే లేదు కాబట్టి ఆ బాధ మాత్రం లేదు.

మరి మంచె మీద మనిషి ఎవరు? చాలాసార్లు మన పక్కనే మామూలు బట్టల్లో నిలబడి ఉంటాడు. జీన్స్, జాకెట్, చేతిలో కాఫీ. తలుపులు మూసుకున్నాక కార్డు బయటికి తీసి "ఫార్‌షైనె, బిట్టె" అంటాడు. టికెట్లు చూపించండి అని. లేకపోతే 60 యూరోలు. మన డబ్బులో దాదాపు ఆరు వేలు. టూరిస్టులమని, మొదటిసారని తగ్గించరు. జర్మనీ శిక్షాస్మృతిలో 265ఎ సెక్షన్ కింద ఇది నేరం కూడా, ఏడాది దాకా జైలు వేయొచ్చు. మొదటిసారి దొరికితే మామూలుగా 60 యూరోలతో పోతుందిలెండి, టెన్షన్ పడకండి.

[ఇంకో ట్రైన్ వచ్చి ఆగుతుంది. చప్పుడు తగ్గేదాకా ఆగాలి.]

కంచెల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నేను నిలబడ్డ ఈ యూ8 ప్లాట్‌ఫామ్ మీద 1961 నుంచి 1990 దాకా ట్రైన్ ఆగేది కాదు. లైను రెండు చివరలూ పశ్చిమ బెర్లిన్‌లో, మధ్యలో కొంత భాగం తూర్పు బెర్లిన్ కింద. తూర్పువాళ్లు పైన రెండింటి మధ్య గోడ కట్టారు, కింద స్టేషన్లు మూసేశారు. పశ్చిమం ట్రైన్లు ఆగకుండా ఈ చీకటి ప్లాట్‌ఫామ్‌ల పక్క నుంచే పోయేవి. దెయ్యాల స్టేషన్లు అనేవాళ్లు. వాటి మీద నార్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో చిన్న ఎగ్జిబిషన్ ఉంది, గోడ మ్యూజియానికి వెళ్లేవాళ్లు ఎలాగూ అక్కడే దిగుతారు, చూడండి. ఒకప్పుడు అంత కాపలా ఉన్న చోట ఇవాళ గేటు కూడా లేదంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సరే, అసలు విషయం. టికెట్ కొనకుండా ఎక్కేవాళ్ల కోసం కాదు ఈ వీడియో, వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు. నా బాధ కొన్నవాళ్ల గురించి.

పోయిన వేసవిలో మా బాబాయ్, పిన్ని తెనాలి నుంచి వచ్చారు. బాబాయ్ జీవితంలో టికెట్ లేకుండా బస్సెక్కిన మనిషి కాదు. నేను ఆఫీసులో ఉంటే, ఆయనే మెషిన్ దగ్గర కుస్తీ పట్టి రెండు టికెట్లు కొన్నారు. నలగకుండా పర్సులో పెట్టుకున్నారు. మూడు స్టేషన్లు దాటకుండానే తనిఖీవాళ్లు పట్టుకున్నారు. ఇద్దరికీ కలిపి 120 యూరోలు. సాయంత్రం ఇంటికొచ్చి, "టికెట్ కొన్నాను కదరా! నేనేమన్నా దొంగనా?" అని ఒకటే బాధ. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. తప్పు నాది. ముద్ర సంగతి చెప్పకుండా పంపించాను.

[కెమెరా పక్కకి. ప్లాట్‌ఫామ్ మీద నిలబెట్టిన చిన్న డబ్బా.]

ఇదిగో, ఇదే ఆ డబ్బా. టికెట్ ఈ సందులో పెడితే టక్‌మని తేదీ, టైమ్ పడతాయి. ఆ ముద్ర లేకపోతే మీ చేతిలో ఉన్నది కాగితం ముక్క.

ఎందుకలా? మన బస్సులో కండక్టర్ టికెట్ కొట్టి ఇస్తాడు. కొనడం, వాడటం అక్కడ ఒకేసారి అయిపోతాయి. ఇక్కడ అవి రెండూ వేరు. పది టికెట్లు ఇవాళ కొని వచ్చే నెల వాడుకోవచ్చు. మరి ముద్ర లేని టికెట్ జేబులో పెట్టుకుని తిరిగితే? తనిఖీ రాని రోజు ఆ టికెట్ అలాగే మిగిలిపోతుంది, రేపు మళ్లీ అదే పట్టుకుని ఎక్కొచ్చు. అందుకే ఒప్పుకోరు. జర్మన్‌లో ఈ ముద్ర కొట్టడాన్ని "ఎంట్‌వెర్టెన్" అంటారు. మాటకి మాట చెప్పాలంటే విలువ తీసేయడం. నాకు భలే నచ్చిన మాట. ముద్ర పడితే టికెట్ చెల్లుతుందని మనం అనుకుంటాం. వాళ్ల లెక్కలో ముద్ర పడితే టికెట్ ఖర్చయిపోయినట్టు. మన చేను భాషలో, మేత డబ్బు జేబులో ఉంటే సరిపోదు, గేదె చేలో దిగేముందే రైతు చేతిలో పెట్టాలి. బాబాయ్ డబ్బు తీశారు గానీ చేతిలో పెట్టలేదన్నమాట. (నేను ఆయన్ని గేదెతో పోల్చడం లేదు. బాబాయ్, ఈ వీడియో చూస్తే క్షమించు.)

టికెట్ మీద తేదీ, టైమ్ ముందే అచ్చయి ఉంటే మళ్లీ కొట్టక్కర్లేదు. ఫోన్‌లో కొంటే ముద్ర గొడవ లేదు, కానీ ట్రైన్ ఎక్కకముందే కొనాలి. తనిఖీవాళ్లని చూశాక కొంటే లెక్కలోకి రాదు. ఛార్జింగ్ అయిపోతే చూపించడానికి టికెట్టే ఉండదు.

రెండో ఉచ్చు, గట్లు. ఈ చేనుకి కంచె లేదు గానీ గట్లు ఉన్నాయి. ఏ, బీ, సీ అని మూడు జోన్లు. ఎస్41, ఎస్42 రైళ్లు ఊరి చుట్టూ 37 కిలోమీటర్ల గుండ్రటి లైను మీద తిరుగుతుంటాయి, గంటకో చుట్టు. ఆ చుట్టు లోపల ఏ. అక్కణ్ణుంచి నగరం పొలిమేర దాకా బీ. పొలిమేర దాటితే సీ. ఊళ్లో తిరగడానికి ఏబీ టికెట్ చాలు. మరి గొడవెక్కడ? ఎయిర్‌పోర్ట్ సీలో ఉంది! 2020లో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్ట్, బీఈఆర్, పొలిమేర అవతల. వారం రోజులు ఏబీతో హాయిగా తిరిగి, చివరి రోజు అదే అలవాటుగా కొని, రెండు సూట్‌కేసులతో గట్టు దాటి దొరికిపోతారు. టికెట్ ఉంది, ముద్ర ఉంది, కానీ మేస్తున్నది పక్క చేను.

పోట్స్‌డామ్ ప్యాలెస్‌లు కూడా సీలోనే. జాక్సెన్‌హౌజెన్ నాజీ శిబిరం చూడ్డానికి దిగే ఒరానియెన్‌బుర్గ్ కూడా. చేతిలో ఏబీ 24 గంటల టికెట్ ఉంటే పూర్తి టికెట్ మళ్లీ కొనక్కర్లేదు. మెషిన్‌లో "అన్‌ష్లుస్" అని మొదలయ్యే పొడిగింపు టికెట్ ఉంటుంది, గట్టు దాటే ఒక్కసారికి అది తక్కువలో వస్తుంది. ఇంకో మాట. ఎఫ్‌ఈఎక్స్ అనే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ పేరు చూసి ఎక్స్‌ట్రా ఛార్జీ అని భయపడతారు. అక్కర్లేదు, అదే ఏబీసీ టికెట్‌తో ఎక్కొచ్చు.

[మూడో ట్రైన్.]

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతావి గబగబా.

సింగిల్ టికెట్ రెండు గంటలు పనిచేస్తుంది. ఎన్ని ట్రైన్లు, బస్సులు మారినా ఫర్వాలేదు, కానీ ముందుకే. వెళ్లిన దారినే వెనక్కి రావడానికి పనికిరాదు. మేస్తూ ముందుకు నడవాలి, వెనక్కి తిరగకూడదు. (ఈ పోలిక ఇక్కడితో ఆపేస్తాను.) మూడు స్టేషన్ల దూరమే అయితే "కుర్జ్‌ష్ట్రెకె" టికెట్ చవక. బస్సు, ట్రామ్‌లలో అయితే అదే టికెట్ మీద ఆరు స్టాపులు. ఆరేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. అయిదుగురి దాకా కలిసి తిరిగితే గ్రూపుకి 24 గంటల టికెట్ ఒకటి ఉంది, కుటుంబంతో వచ్చేవాళ్లు ముందు దాని ధర చూడండి.

ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు. పిల్లల పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోండి. పెద్ద స్టేషన్లలో కొన్ని తెరిచి ఉంటాయి గానీ ఆ జనాన్ని చూస్తే తిరుపతి క్యూ నయం. ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ మీద 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, పారేయకండి, సూపర్ మార్కెట్‌లో మెషిన్‌కి ఇస్తే డబ్బు వెనక్కి వస్తుంది. అసలు కుళాయి నీళ్లే తాగొచ్చు. ఫుట్‌పాత్ మీద సైకిళ్ల దారి వేరుగా ఉంటుంది, చాలా చోట్ల ఎర్రగా. దాని మీద నిలబడి సెల్ఫీ తీసుకుంటే బెల్లు కాదు, తిట్లు వినిపిస్తాయి.

పార్లమెంటు మీది గాజు గుమ్మటం ఎక్కడం ఉచితం, కానీ పేర్లు ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, పాస్‌పోర్ట్ దగ్గరుండాలి. పెర్గమోన్ మ్యూజియం 2023 అక్టోబర్‌లో మరమ్మతుల కోసం మూసేశారు, పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకండి. టూరిస్ట్ బస్సుకి డబ్బు పోసేముందు 100 నంబర్ సిటీ బస్సు ఎక్కి మేడ మీద కూర్చోండి. జూ స్టేషన్ దగ్గర ఎక్కితే పార్లమెంటు మీదుగా ఇదే అలెగ్జాండర్‌ప్లాట్జ్‌కి తెచ్చి దింపుతుంది, అదీ మామూలు టికెట్ మీదే. ఆ బస్సులో ముద్ర డబ్బా లోపలే ఉంటుంది. ఎక్కగానే ముందు అది చూడండి, ఫొటోలు తర్వాత.

నా ట్రైన్ వచ్చేసింది. నాది నెల పాస్ అండీ, నేను ముద్ర కొట్టక్కర్లేదు. ఇదిగో, డబ్బా అక్కడ. మీరు కొట్టండి.