పెయింటింగ్ పోతే ఇన్సూరెన్స్ పాలసీలో రాసినంత వస్తుందా?

నమస్తే. మొన్న హనుమకొండ అదాలత్ దగ్గర చాయ్ తాగుతుంటే ఒకాయన తేల్చేశాడు: "పాలసీలో 20 లక్షలని ఉంది, బొమ్మ పోయింది, 20 లక్షలు ఇవ్వాల్సిందే." ఈ మాట వినీ వినీ తిక్క లేస్తోంది. అందుకే ఈ వీడియో.

ఎనుమాముల మార్కెట్ లెక్కలో చెప్తా. మీ మిర్చి బస్తాలు పది పోయాయి. కంపెనీ లాయర్ దొంగ ఎవరని అడగడు. బస్తాలు దాచినట్టు కోల్డ్ స్టోరేజ్ వాళ్లిచ్చిన బాండ్ చూపించమంటాడు. అసలు బస్తాలు ఉన్నాయా? ఉంటే లోపలున్నది మేలురకం తేజా మిర్చా, నాసిరకం తాలు కాయా?

బొమ్మకూ అంతే. మీ ఇంట్లో చేర్యాల పటం, అంటే గుడ్డ మీద కథలు గీసిన బొమ్మ, ఉందనుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండితే అది పురావస్తువు, రిజిస్టర్ చేయించాలి. ఆ కాగితం లేకుండా "మా తాతల నాటిది" అంటే, తాలు బస్తా మీద తేజా అని రాసినట్టే. కొత్త పటాలు కూడా బ్రహ్మాండంగా ఉంటాయి, పాతదని అబద్ధమెందుకో నాకర్థం కాదు.

ఇక ధర. మిర్చికి ఏ రోజు రేటు ఆ రోజు మార్కెట్లో తెలిసిపోతుంది. బొమ్మకు అలాంటి రేటు లేదు. అందుకే ఖరీదైన బొమ్మలకు ముందే ఒక విలువ ఒప్పుకుని పాలసీ రాస్తారు. మామూలు పాలసీలో మాత్రం రాసిన అంకె పైహద్దే, ఇచ్చేది జరిగిన నష్టానికే. చాయ్ దగ్గర పెద్దమనిషి కలిపేసింది ఈ రెంటినీ. ఒప్పుకున్న అంకెతో చిక్కేమిటంటే, మార్కెట్ పడినా అది పడదు. అప్పుడు ఉన్న బస్తా కంటే పోయిన బస్తాకే ఎక్కువొస్తుంది!

పోయిందని చెప్పి డబ్బు లాగిన కథ ఒకటి చెప్తా. 1992లో లాస్ ఏంజెలెస్‌లో ఒక కంటి డాక్టర్ ఇంట్లో మోనే, పికాసో అనే పేరుమోసిన చిత్రకారులు వేసిన బొమ్మలు పోయాయి. కంపెనీలు అనుమానించాయి. ఆయన కోర్టుకెక్కి కోటీ 75 లక్షల డాలర్లు రాబట్టాడు. 1997లో అవి క్లీవ్‌లాండ్‌లో ఒక స్టోరేజ్ గదిలో దొరికాయి. దాచింది లాయర్లే, మా వృత్తి పరువు తీశారు. ఒక లాయర్‌తో విడిపోయిన ఆవిడ పోలీసులకు చెప్పడంతో గుట్టు రట్టయింది. దొంగతనం నాటకం ఆడించింది డాక్టరేనని, 1999లో ఆయన దోషి అని తేలింది.

టైం అయిపోతోంది, గబగబా చెప్తా. మోసమని కంపెనీ అంటే రుజువు చేయాల్సింది కంపెనీయే, అనుమానం చాలదు. దొంగతనమైతే వెంటనే ఎఫ్‌ఐఆర్ పెట్టండి. డబ్బు ఇచ్చేశాక బొమ్మ దొరికితే దాని మీద హక్కు కంపెనీదే. తిరిగి కావాలంటే ఆ డబ్బు కట్టాలి, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే.