లింకన్‌కి గొంతు పెట్టిన సినిమా

అందరికీ నమస్కారం. సినిమా నడుస్తుంటే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు కునుకు తీయడం చూశాను, మొహమాటపడకండి, తప్పు మీది కాదు. అమెరికా అధ్యక్షుడు లింకన్ మీద 1930లో డి. డబ్ల్యూ. గ్రిఫిత్ తీసిన ‘అబ్రహాం లింకన్’ నిజంగానే నత్తనడక నడుస్తుంది. ఒకడు ఒక మాటని ఆగుతాడు, ఎదుటివాడు ఊపిరి పీల్చుకుని, వాడి మాట పూర్తిగా అయిపోయిందని ఖాయం చేసుకుని, అప్పుడు గానీ జవాబు చెప్పడు.

అప్పట్లో చాలా టాకీల సంగతి ఇంతే. 1927 చివర్లో మాటలు వినిపించిన ‘జాజ్ సింగర్’ వచ్చాక హాలీవుడ్ మొత్తం మాటల వెంట పరుగు తీసింది కానీ, కెమెరా చప్పుడు మైకులో పడకూడదని దాన్ని గదిలాంటి పెట్టెలో పెట్టి తలుపేసేవాళ్లు, నటులేమో మైకు ఎక్కడ దాచారో ఆ పక్కనే నిలబడి మాట్లాడాలి. మన తొలి టాకీలు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన 1932 తర్వాత కూడా చాన్నాళ్లు మనవాళ్లు కెమెరా ముందు నిలబడి నాటకమే ఆడారు కదా.

అయితే ఇక్కడ ఇరుక్కున్నది మామూలు దర్శకుడు కాదు, అదే నా బాధ. మాటల్లేని రోజుల్లో ఒక్క మొహం దగ్గరగా చూపించి హాలంతా ఏడిపించిన మనిషి గ్రిఫిత్. ఆయన పూర్తి స్థాయిలో తీసిన మొదటి టాకీ ఇది, ఆ తర్వాత 1931లో ఇంకొకటి తీశాడు, అంతే, 1948లో చనిపోయేదాకా మళ్లీ ఆయన పేరుతో సినిమా రాలేదు.

పైగా ఈ కథ ఆయన ఎంచుకోవడంలోనే ఒక తిరకాసు ఉంది. లింకన్ పుట్టింది కెంటకీలో, గ్రిఫిత్ పుట్టిందీ కెంటకీలోనే. కానీ గ్రిఫిత్ తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలుపుకోవాలని దేశం నుంచి విడిపోయిన దక్షిణాది సైన్యంలో కల్నల్, అంటే లింకన్ మీదే కత్తి దూసినవాడు. ఆ కొడుకే 1915లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీసి, నల్లవాళ్లని రాక్షసుల్లాగా, నల్లవాళ్లని హింసించిన కు క్లక్స్ క్లాన్ ముఠాని రక్షకుల్లాగా చూపించాడు, ఆ సినిమా వచ్చాకే ఆ ముఠా మళ్లీ ప్రాణం పోసుకుంది. విచిత్రం ఏంటంటే అందులో కూడా లింకన్ మంచివాడే, ఓడిన దక్షిణాదిని కడుపులో పెట్టుకుని చూసుకునే పెద్దమనిషి. పదిహేనేళ్ల తర్వాత ఇక్కడ మనం చూసిందీ ఆ లింకన్నే.

సరే, గొంతు దగ్గరికొద్దాం. లింకన్ 1865 ఏప్రిల్‌లో చనిపోయాడు, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చింది 1877లో. అంటే ఆయన గొంతు రికార్డు ఎక్కడా లేదు. మూకీల్లో లింకన్ వేషం వేసినవాళ్లకి ఆ బెంగ లేదు, గడ్డం, పొడుగు టోపీ ఉంటే చాలు. ఇక్కడ వాల్టర్ హస్టన్ నోరు తెరవాల్సి వచ్చింది. నాటకాల్లోంచి వచ్చిన గట్టి నటుడు, మంచి బరువైన గొంతు, మహానాయకుడంటే ఇలాగే మాట్లాడాలి అని మనం అనుకునే గొంతు.

కానీ లింకన్‌ని దగ్గరగా విన్నవాళ్లు రాసింది వేరు. ఆయనతో కలిసి వకీలు పని చేసిన హెర్న్‌డన్ దగ్గర్నుంచి చాలామంది చెప్పింది ఒకటే, సన్నటి గొంతు, ఉపన్యాసం మొదట్లో కీచుగా కూడా ఉండేదట. నవ్వుకోకండి, ఆ సన్నటి గొంతే ఆయన ఆస్తి. 1858లో ఎన్నికల ప్రత్యర్థి డగ్లస్‌తో ఏడు ఊళ్లలో వాదనకి దిగినప్పుడు మైకుల్లేవు, ఆరుబయట వేలమంది జనం, బొంగురు గొంతైతే నాలుగో వరస దాటేది కాదు. మైకులు రాకముందు మన పౌరాణిక నాటకాల్లో హెచ్చు శృతిలో పద్యం అందుకున్నది ఎందుకు? చివర్లో చెట్టెక్కి కూర్చున్నవాడికి కూడా వినబడాలనే కదా! 2012లో వచ్చిన ‘లింకన్’ సినిమాలో డేనియల్ డే లూయిస్ ఆ సన్న గొంతుతో లింకన్‌ని వేస్తే జనం మొదట కంగారుపడ్డారు. ఎనభై ఏళ్ల పాటు హస్టన్ లాంటి గొంతులే చెవుల్లో నాటుకుపోయాయి మరి.

మాటలు దొరికాయన్న సంబరం ఎంత దూరం పోయిందో, లింకన్‌ని నాటకం చూస్తుండగా కాల్చిన ఫోర్డ్స్ థియేటర్ సీన్‌లో చూశారుగా. హత్యకి కాస్త ముందు లింకన్ బాక్సులోంచి లేచి ప్రసంగం చేస్తాడు. ఆ రాత్రి నిజానికి అలాంటి ప్రసంగమేదీ లేదు. జనం చప్పట్లు కొట్టారు, బ్యాండు వాయించింది, ఆయన వంగి అభివాదం చేసి కూర్చున్నాడు. సినిమాలో చెప్పిన మాటలు కొన్ని 1863 నవంబరులో గెటీస్‌బర్గ్ స్మశానం దగ్గర చెప్పినవి, కొన్ని 1865 మార్చిలో రెండోసారి ప్రమాణం చేసినప్పటివి. రెండూ తెచ్చి ఇక్కడ అతికించారు. స్క్రిప్టు రాసినవాళ్లలో స్టీఫెన్ విన్సెంట్ బెనే ఉన్నాడు, అంతర్యుద్ధం మీద దీర్ఘకావ్యం రాసి పులిట్జర్ బహుమతి తెచ్చుకున్న కవి. అలాంటివాడు ఉన్న చోట ఈ అతుకు!

లింకన్ కుర్రతనంలో ప్రేమించాడని చెప్పే ఆన్ రట్లెడ్జ్ కథ మీద కూడా చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. 1835లో చనిపోయిన ఆ అమ్మాయి కథని ఊరూరా చెప్పింది ఇందాకటి హెర్న్‌డనే, అదీ లింకన్ పోయాక. కానీ ఆమె సమాధి మీద వానలో లింకన్ పడి ఉండే సీన్, మొదట్లో చెట్ల మధ్య నుంచి కెమెరా మెల్లగా ఆయన పుట్టిన చెక్క గుడిసె వైపు జారుకుంటూ పోవడం, ఇవి రెండూ నాకు పాత గ్రిఫిత్‌ని చూపించాయి. రెండు చోట్లా మాటలకి పెద్ద పనిలేదు గమనించండి.

ఇక మాటల్లోకి రానిది బానిసత్వం. యూనియన్ నిలబడాలి, యూనియన్ నిలబడాలి, అంటే దేశం ముక్కలు కాకూడదు అని హస్టన్ ఎన్నిసార్లు అంటాడో లెక్క పెట్టలేదు, ఆ యుద్ధం అసలు ఎవరి మెడలోని గొలుసు గురించి జరిగిందో వాళ్ల మొహాలు మాత్రం దాదాపు కనబడవు. గ్రిఫిత్ అసలు తీయలేదా అంటే తీశాడు. సినిమా మొదట్లో ఒక బానిస ఓడ సీన్ ఉంది, చనిపోయిన మనిషిని ఓడ మీంచి సముద్రంలోకి విసిరేస్తారు. తర్వాత చాలా ఏళ్లు బయట తిరిగిన ప్రింట్లలో ఆ ముక్క లేదు, మనం ఇప్పుడు చూసిందీ అలాంటి ప్రింటే. ఈ మధ్య సినిమాని బాగుచేసినవాళ్లకి ఆ రీలు దొరికింది. బొమ్మ ఉంది, సౌండ్ దొరకలేదు, చాలా చోట్ల కింద అక్షరాలు వేసి చూపిస్తున్నారు.

అది నా లాప్‌టాప్‌లో ఉంది. ఒక్క నిమిషం లైట్లు ఆపితే వేస్తాను, చూసి వెళ్దాం.