జీరో ఆయిల్ అంటూ డోనట్‌ని చంపేశారు! ఎయిర్ ఫ్రయర్ మినీ డోనట్స్ అసలు సంగతి

ఆగండి ఆగండి. ఎయిర్ ఫ్రయర్ బుట్టలోంచి ఇప్పుడే తీసిన ఆ డోనట్‌ని ఒకసారి విరిచి చూడండి. పైన మచ్చలు మచ్చలుగా రంగు, పక్కన పగుళ్లు, లోపల పొడిపొడి. కొరికితే నోట్లో ఉన్న తడంతా అదే లాగేసుకుంటుంది. దీన్ని డోనట్ అంటున్నారు! మధ్యలో చిల్లు పెట్టినంత మాత్రాన ఎండిపోయిన బన్ను డోనట్ అయిపోతుందా అండీ?

గొడవేంటో మీకు తెలిసిందే. ఒక వర్గం వాళ్ళు "చుక్క నూనె లేదు, రుచి మాత్రం అచ్చం వేయించినట్టే" అని థంబ్‌నెయిల్ మీద ఇంతింత అక్షరాలు వేస్తున్నారు. రెండో వర్గం వాళ్ళు "నూనెలో మునగనిది డోనటే కాదు, ఆ మెషీన్లో అది రానే రాదు" అని తీర్పు చెప్పేశారు. మొదటి వాళ్ళది అబద్ధం. రెండో వాళ్ళది తొందరపాటు. నేను చెప్పేది ఒక్కటే, మీకు విసుగొచ్చినా మళ్ళీ మళ్ళీ చెప్తా: వెన్న రాయండి. లోపల పెట్టేముందు ఒకసారి, బయటికి తీశాక ఇంకోసారి. ఈ రెండుసార్లు రాయనివాళ్ళు ఉష్ణోగ్రత మార్చినా, మెషీన్ మార్చినా, రెసిపీ మార్చినా వచ్చేది బన్నే.

ఎందుకో చెప్తా వినండి. ఎయిర్ ఫ్రయర్‌లో ఏముంటుంది? పైన వేడెక్కే కాయిల్, దాని మీద ఒక ఫ్యాన్. అంతే. వేడి గాలిని జోరుగా తిప్పే చిన్న అవెన్ అది. నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటే మినీ డోనట్ ఒక్కో వైపు నిమిషం లోపే వేగిపోతుంది. అదే 180 డిగ్రీల గాలిలో అయిదారు నిమిషాలు పడుతుంది. గాలి నూనెలా వేడిని గబగబా అందించలేదు కాబట్టి. ఆ అయిదారు నిమిషాలూ ఫ్యాన్ ఊరుకుంటుందా? పిండి మీది తడిని ఊడ్చేస్తూనే ఉంటుంది. పైన చర్మం ముందే బిగుసుకుంటుంది, లోపల ఆవిరి ఇంకా పొంగాలని చూస్తుంది, దారి లేక పక్కనుంచి పగులుతుంది. మీ పగుళ్ల రహస్యం ఇదే. ఈస్ట్ పాతదని, మైదా మంచిది కాదని తిట్టుకోకండి.

కరిగించిన వెన్న పలచగా రాస్తే ఆ చర్మం బిగుసుకోవడం ఆలస్యమవుతుంది. పిండికి పొంగడానికి టైం దొరుకుతుంది. వెన్నలో ఉండే పాల పదార్థం వల్ల రంగు కూడా మచ్చల్లేకుండా సమానంగా వస్తుంది. తీశాక రాసేది వేరే పని చేస్తుంది. గట్టిపడిన పైపొరని మెత్తబరుస్తుంది, చక్కెర అంటుకోవడానికి జిగురవుతుంది. వెన్న లేకుండా చక్కెరలో దొర్లించి చూడండి, ప్లేట్లో ఉన్నంత చక్కెర డోనట్ మీద ఉండదు.

"అయ్యో, కొవ్వు కదండీ!" అంటారు. సరే, లెక్క చూద్దాం. 24 మినీ డోనట్లకి రెండు పూతలకీ కలిపి 40 గ్రాముల వెన్న చాలు. ఒక్కోదానికి రెండు గ్రాముల లోపే. నూనెలో వేయించిన ఈస్ట్ డోనట్ అయితే బరువులో దాదాపు అయిదో వంతు కొవ్వే ఉంటుంది. ఇంకో లెక్క కూడా చూడండి. ఇదే 24 డోనట్ల మీద గ్లేజ్, అంటే మెరిసే చక్కెర పూత, పోయడానికి 150 గ్రాముల పంచదార పొడి కలుపుతారు. ఒక్కోదానికి ఆరు గ్రాముల చక్కెర! రెండు గ్రాములు కూడా లేని వెన్నకి గుండెలు బాదుకుని, ఆరు గ్రాముల చక్కెర మాత్రం చేత్తో పోసుకుంటున్నారు. పైగా ఆ వీడియోకి "హెల్దీ" అని పేరు. ఇదెక్కడి ఆరోగ్యం బాబూ?

అసలు ఈ జీరో ఆయిల్ పిచ్చి మెషీన్ది కూడా కాదు. 2010లో ఫిలిప్స్ వాళ్ళు ఎయిర్‌ఫ్రయర్ తెచ్చినప్పుడు తక్కువ నూనె అన్నారు, నిజమే. కానీ తాజా బంగాళాదుంప ముక్కలకి కొంచెం నూనె పట్టించి పెట్టమని చాలా మెషీన్ల మాన్యువల్సే చెప్తాయి. మాన్యువల్ ఎవరు చదువుతారు లెండి.

సరే, పిండి దగ్గరికి రండి. మైదా 250 గ్రాములు. గోరువెచ్చని పాలు 130 మిల్లీలీటర్లు. గుడ్డు ఒకటి. మెత్తబడిన వెన్న 40 గ్రాములు, చక్కెర 30, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4, ఉప్పు 3 గ్రాములు. కప్పులతో కొలవకండి, వేయింగ్ స్కేల్ వాడండి. కప్పులోకి మైదా కుక్కి తీస్తే ఒక బరువు, వదులుగా తీస్తే ఇంకో బరువు. ఈ తేడా ఒక్కటే పిండిని రాయిలా చేసేస్తుంది.

పాలు 38 నుంచి 40 డిగ్రీలు. వేలు పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఎక్కువ వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. ఇన్‌స్టంట్ ఈస్ట్ నేరుగా పిండిలో కలిపేయొచ్చు. గింజల్లా ఉండే యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే ముందు పాలల్లో వేసి పది నిమిషాలు ఆగాలి, నురగ రాకపోతే అక్కడే ఆపేయండి, మిగతా సరుకు దండగ చేసుకోకండి.

వెన్న ముందే వేసేయకండి. మిగతావన్నీ కలిపి, ముద్ద అయ్యాక, అయిదు నిమిషాలు పిసికి, అప్పుడు వెన్న కొంచెం కొంచెంగా వేస్తూ ఇంకో ఏడెనిమిది నిమిషాలు పిసకాలి. ముందే వేస్తే కొవ్వు పిండికి పట్టేసి సాగే గుణం రావడం ఆలస్యమవుతుంది. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. పిండి చేతికి అంటుకుంటోందని గుప్పెడు మైదా చల్లేస్తారు. చల్లారా, అయిపోయింది! ఈ పిండి కాస్త జిగటగానే ఉండాలి, ఎందుకంటే ముందు ఫ్యాన్ కాచుకుని ఉంది. నూనెలో వేయించే పిండి కంటే ఎయిర్ ఫ్రయర్ పిండి మెత్తగా ఉండాలి. చేతికి అంటుకుంటే చేతికి వెన్న రాసుకోండి. చూశారా, మళ్ళీ వెన్నే!

చిన్న ముద్ద తీసి వేళ్ళతో సాగదీస్తే తెగకుండా వెలుతురు కనిపించేంత పలచగా రావాలి. వస్తే చాలు. మూత పెట్టి రెట్టింపయ్యేదాకా, గంట నుంచి గంటన్నర.

గుడ్డు వద్దనేవాళ్ళు ఇంకో 40 మిల్లీలీటర్ల పాలు, 10 గ్రాముల వెన్న ఎక్కువ వేసుకోండి. రంగు కొంచెం తక్కువ వస్తుంది, మెత్తదనం బాగానే ఉంటుంది.

ఇప్పుడు మందం. సెంటీమీటరు మందం. అర సెంటీమీటరుకి ఒత్తితే బిస్కెట్లు వస్తాయి. రెండు సెంటీమీటర్లు ఉంచితే పైన నల్లబడేసరికి లోపల పచ్చి. బయటి వృత్తం 5 సెంటీమీటర్లు, మధ్య చిల్లు 2 సెంటీమీటర్లు. చిల్లు మరీ పెద్దదిగా అనిపిస్తుంది, భయపడకండి, పొంగేటప్పుడు సగం మూసుకుపోతుంది. కట్టర్‌ని నేరుగా కిందికి నొక్కి పైకి లేపాలి. గుండ్రంగా తిప్పితే అంచు నలిగిపోయి ఒక పక్కకే పొంగుతుంది. మిగిలిన ముక్కల్ని ఒక్కసారే కలిపి ఒత్తండి, రెండోసారికి గట్టిపడిపోతుంది.

చిల్లంటే గుర్తొచ్చింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు, 1847లో ఓడ మీద ఈ చిల్లు కనిపెట్టింది తానేనని చెప్పుకున్నాడు. అంచులు వేగినా మధ్యలో పచ్చిగా ఉండిపోతోందని, మిరియాల డబ్బా మూతతో మధ్యభాగం కోసి పారేశాడట. నిజమో గొప్పో పక్కన పెట్టండి, లాజిక్ మాత్రం గట్టిది. మన మెషీన్లో కూడా అంతే, చిల్లులోంచి గాలి దూరితేనే లోపలి అంచు ఉడుకుతుంది. చిల్లు మూసుకుపోయేంత చిన్నదిగా కోసినవాళ్ళకి నడుమంతా పచ్చి పిండే.

ఒక్కో డోనట్ కింద చిన్న చదరం బేకింగ్ పేపర్. అలా అయితే పొంగాక చేత్తో ముట్టుకోకుండా పేపర్‌తో సహా ఎత్తేయొచ్చు. చేత్తో ఎత్తితే గాలి పోయి చప్పబడుతుంది. మూత వేసి 25 నుంచి 35 నిమిషాలు పొంగనివ్వాలి. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా, సగం వరకే తిరిగి రావాలి. టక్కున వచ్చేస్తే ఇంకా టైం ఉంది. అసలు రాకపోతే మించిపోయింది, బుట్టలో ముడతలు పడి కూలిపోతుంది. కొంతమంది తెలివిగా ఎయిర్ ఫ్రయర్‌నే 40 డిగ్రీల్లో పెట్టి అందులో పొంగిస్తున్నారు. ఫ్యాన్ తిరుగుతుంది కదండీ! పైచర్మం ఎండిపోవడం అక్కడే మొదలవుతుంది.

ఇంకో చిక్కు. చిన్న బుట్టలో ఒకసారికి ఆరో ఏడో పడతాయి, మధ్యలో రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి కాబట్టి. అంటే నాలుగు వాయిలు. ముందు వాయిలన్నీ అయ్యేలోపు చివరి వాయి పొంగి మించిపోతుంది. సగం ట్రే ఫ్రిజ్‌లో పెట్టండి. వాయికి పది నిమిషాల ముందు తీస్తే సరిపోతుంది.

ఇక బుట్ట. 175 డిగ్రీలకి మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా ప్రీహీట్. ఖాళీగా అంటే పేపర్ కూడా ఉండకూడదు! బరువు లేని పేపర్ ఫ్యాన్ గాలికి ఎగిరి కాయిల్‌కి అంటుకుని కాలిపోతుంది. ఇది తమాషా కాదు, మంటలొస్తాయి.

ఇప్పుడు మొదటి పూత. మెత్తని సిలికాన్ బ్రష్‌తో, ఒత్తకుండా, పైనా పక్కలా. నూనె స్ప్రే డబ్బా కొట్టకండి. చాలా స్ప్రేల్లో ఉండే లెసిథిన్ అనే జిడ్డు పదార్థం బుట్ట నాన్‌స్టిక్ పూత మీద జిగురులా పేరుకుపోతుంది, తోమినా పోదు. పైగా అది కూడా నూనే! స్ప్రే కొట్టి "జీరో ఆయిల్" అని పేరు పెట్టిన వీడియోలున్నాయి, ఇక మీరే అర్థం చేసుకోండి.

175 దగ్గర మూడు నిమిషాలు. తెరిచి, పేపర్ తీసేసి, తిరగేసి, ఇంకో రెండు నిమిషాలు. కాయిల్ పైనుంది కదా, తిప్పకపోతే పైన గోధుమరంగు, కింద తెల్లగా తడిగా ఉంటుంది. పేపర్ ఉంచేస్తే కిందికి గాలే తగలదు. 200 పెట్టి తొందరగా కానిచ్చేద్దాం అనుకుంటే బయట కాలి లోపల ముద్ద. థర్మామీటర్ ఉంటే లోపల 90 డిగ్రీల దగ్గర తీసేయండి. మెషీన్ మెషీన్‌కీ తేడా ఉంటుంది, అందుకే మొదట ఒక్కటే పెట్టి చూడండి. రెండో వాయికి లోపలంతా వేడెక్కి ఉంటుంది, అర నిమిషం ముందే చూడాలి. నూనెలో తేలే డోనట్‌కి నడుమ తెల్లటి గీత వస్తుంది చూడండి, అది ఇక్కడ రాదు. రాలేదని ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ఎండిపోవడం తప్ప ఇంకేం జరగదు.

మధ్యలోంచి కోసిన చిన్న ఉండలకి మూడు నిమిషాలే. వాటిని డోనట్లతో కలిపి పెట్టకండి, ముందే ఎండిపోతాయి.

తీసిన వెంటనే రెండో పూత. వెంటనే అంటే ఫోటో తీశాక కాదు. వెన్న రాసి, 80 గ్రాముల సన్న చక్కెర, ఒక టీస్పూన్ దాల్చినచెక్క పొడి కలిపిన గిన్నెలో దొర్లించేయాలి. లావు చక్కెర అంటుకోదు, మిక్సీలో ఒక్కసారి తిప్పండి, పొడి చేసేయకండి. దాల్చినచెక్క పిండిలో ఎక్కువగా వేసేవాళ్ళకి ఒక మాట: అది ఈస్ట్‌ని అణిచేస్తుంది, పొంగడం మందగిస్తుంది. దాని చోటు పైనే. గ్లేజ్ కావాలంటే మాత్రం అయిదు నిమిషాలు ఆగాలి. 150 గ్రాముల పంచదార పొడికి 25 మిల్లీలీటర్ల పాలు. డోనట్ మరీ వేడిగా ఉంటే గ్లేజ్ జారిపోతుంది, పూర్తిగా చల్లారితే మందంగా ముద్దలా పడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు పలచటి అద్దంలా నిలుస్తుంది.

ఇక ఆ "రెండే పదార్థాలు" బ్యాచ్! బేకింగ్ పౌడర్ ముందే కలిసి ఉండే సెల్ఫ్ రైజింగ్ మైదా, గట్టి పెరుగు సమానంగా కలిపితే ఇంకేం అక్కర్లేదు, పది నిమిషాల్లో డోనట్ అంటున్నారు. వచ్చేది బేగెల్ అనే గట్టి రింగు బ్రెడ్ లాంటిది, నమిలి నమిలి దవడ నొప్పి పుడుతుంది. ఎందుకు? అందులో వెన్న లేదు, గుడ్డు లేదు, మెత్తబరిచేది ఏమీ లేదు. టైం లేకపోతే దానికంటే సిలికాన్ మౌల్డ్‌లో కేక్ డోనట్ వెయ్యి రెట్లు నయం. మైదా 120 గ్రాములు, చక్కెర 60, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూన్, చిటికెడు ఉప్పు, గుడ్డు ఒకటి, పాలు 80 మిల్లీలీటర్లు, కరిగించిన వెన్న 40 గ్రాములు. ఉండలు పోయేంతవరకే కలపాలి. గుంటల్లో మూడింట రెండు వంతులే నింపాలి, ఎక్కువైతే చిల్లు మూసుకుపోయి చిన్న కప్‌కేక్ వస్తుంది. 160 డిగ్రీలు, ఎనిమిది తొమ్మిది నిమిషాలు. సిలికాన్ వేడిని ఆలస్యంగా అందిస్తుంది కాబట్టి ఆ టైం. దీనికి కూడా తీశాక వెన్న రాయాల్సిందే, తప్పించుకోలేరు.

మిగిలితే, మిగలవు గానీ, చక్కెర వేయకుండా డబ్బాలో మూత పెట్టి ఉంచండి. మర్నాటికి గట్టిపడతాయి, 150 డిగ్రీల్లో నిమిషంన్నర పెడితే మెత్తబడతాయి, అప్పుడు వెన్న రాసి చక్కెర అద్దండి. గ్లేజ్ వేసినవాటిని మళ్ళీ వేడి చేస్తే గ్లేజ్ కరిగి బుట్టకి అంటుకుంటుంది, ఆ పని చేయకండి.

నా మాట నమ్మనివాళ్ళకి ఒక సవాల్. ఒకే పిండి, ఒకే వాయి. మూడింటికి రెండు పూతలూ వేయండి, మూడింటికి అసలు వేయకండి. ఏవి ఏవో చెప్పకుండా ఇంట్లోవాళ్ళ ముందు పెట్టి, ఏ ప్లేటు ముందు ఖాళీ అయిందో కింద కామెంట్లో రాయండి. "జీరో ఆయిల్" వాళ్ళని కూడా ట్యాగ్ చేయండి.