చర్చావేదిక కొత్త సర్వర్‌కు మారితే తెలుగు ఏమవుతుంది?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇరవయ్యేళ్ల కిందట మొదలై, నిన్నమొన్నటి దాకా పీహెచ్‌పీబీబీ 2 అనే చర్చావేదికల సాఫ్ట్‌వేర్ మీదే నడిచిన ఒక తెలుగు సాహిత్య చర్చావేదిక నిర్వాహకులు ఈ రోజు మనతో ఉన్నారు. అంత పాత సాఫ్ట్‌వేర్‌ను, ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో అంతకాలం ఎలా నెట్టుకొచ్చారో, చివరికి మార్చవలసి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఆయన మాటల్లోనే విందాము. అసలు ఇదంతా ఒక ఈమెయిలుతో మొదలైందని చెప్పారు కదండీ?

అతిథి: అవునండీ. ముప్పై రోజుల్లో మీ సర్వర్‌ను మారుస్తున్నాము, ఆ తరువాత పీహెచ్‌పీ 5.6 దొరకదు అని హోస్టింగ్ సంస్థ రాసింది. పీహెచ్‌పీ అంటే మా వేదిక సాఫ్ట్‌వేర్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష. వారిని తప్పుపట్టడానికేమీ లేదు. పీహెచ్‌పీ 5.6 విడుదలైంది 2014 ఆగస్టులో. దానికి భద్రతా సవరణలు 2018 డిసెంబరు చివరితోనే ఆగిపోయాయి. పైగా ఆ సర్వర్‌ను నడిపే సెంటాస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా 2024 జూన్ 30తో కాలం తీరింది. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే లోగిలిలో పది వాటాలు కదండీ. మన వాటాకు సున్నం మనం వేసుకోవచ్చు గాని పునాది మార్చాలంటే అది యజమాని పని, ఆయన మార్చే రోజున అందరమూ సామాను సర్దుకోవలసిందే.

వ్యాఖ్యాత: పాత వెర్షన్‌తోనే నడుస్తున్నప్పుడు, పనిచేస్తున్న దాన్ని కదిలించడం దేనికి అని చాలామంది అడుగుతారు.

అతిథి: నేనూ చాలా ఏళ్లు ఆ మాటే అన్నాను. కాని పీహెచ్‌పీబీబీ 2 చరిత్ర తెలిసినవారు ఆ మాట అనలేరు. 2004 డిసెంబరులో శాంటీ అనే, తనంతట తానే వ్యాపించే కంప్యూటర్ పురుగు, 2.0.11 కంటే పాత వెర్షన్లను గూగుల్‌లో తానే వెతుక్కుంటూ పోయి వాటి పేజీలను చెరిపి తన పేరు రాసుకుంది. ఆ లోపానికి సవరణ నవంబరులోనే వచ్చింది, అది వేసుకోనివారే దెబ్బతిన్నారు. ఇంకొక సంగతి, పీహెచ్‌పీబీబీ 2 పాస్‌వర్డులను ఎండీ5 అనే పాత గుప్త రూపంలో, అదీ ఉప్పు కలపకుండా, అంటే ఒక్కొక్కదానికీ వేరువేరు యాదృచ్ఛిక అక్షరాలు జోడించకుండా దాచుతుంది. డేటాబేస్ ఎవరి చేతికైనా చిక్కితే, తేలికపాటి పాస్‌వర్డులు బయటపడడానికి ఎంతోసేపు పట్టదు. మా సభ్యుల్లో చాలామంది అదే పాస్‌వర్డును తమ ఈమెయిలుకు కూడా వాడుతుంటారని నాకు తెలుసు.

వ్యాఖ్యాత: అయితే గడువు లోపల సీప్యానెల్‌లో, అంటే హోస్టింగ్ అమరికల పేజీలో, పీహెచ్‌పీ వెర్షన్ మార్చి చూశారా?

అతిథి: మార్చాను, తెల్లటి పేజీ వచ్చింది. అక్షరం ముక్క లేదు. సర్వర్‌లో దోష సందేశాలను తెరపై చూపవద్దని పెట్టి ఉంటే అలాగే కనిపిస్తుంది. అసలు కారణం లాగ్ ఫైలులో ఉంటుంది. అక్కడ చూస్తే, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడడానికి పాత ప్రోగ్రాములు వాడే ఫంక్షన్ల సమూహమే లేదు. వాటిని పీహెచ్‌పీ 5.5లో వద్దని హెచ్చరించి, 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పూర్తిగా తీసేశారు. ఇలా ఆగిపోయే తప్పులు ఒక విధంగా మంచివి, ఎందుకంటే అవి దాగవు. పీహెచ్‌పీ 8లో వచ్చిన కొన్ని మార్పులు అలాంటివి కావు. ఉదాహరణకు, సున్నాను ఏదైనా మాటతో పోల్చి రెండూ సమానమా అని అడిగితే పాత వెర్షన్లు అవునని చెప్పేవి, 8.0 నుంచి కాదని చెబుతుంది. ఆ పాత జవాబు మీద ఆధారపడి ఎవరో 2006లో రాసిన అనుమతుల తనిఖీ ఏ హెచ్చరికా ఇవ్వకుండా తారుమారవుతుంది. అందుకే పాత సాఫ్ట్‌వేర్‌కు అతుకులు వేసి కొత్త పీహెచ్‌పీ మీద నడిపించే ఆలోచనను ఆ రోజే మానుకున్నాను.

వ్యాఖ్యాత: పీహెచ్‌పీబీబీ 3 వేసుకోవడం తప్ప మార్గం లేదన్నమాట. అక్కడి నుంచి సాఫీగా సాగిందా?

అతిథి: సాఫ్ట్‌వేర్ వరకు సాగింది. ఒక సబ్‌డొమైన్ తెరిచి, దానికి మాత్రమే కొత్త పీహెచ్‌పీ కేటాయించి, అందులో పీహెచ్‌పీబీబీ 3ను కొత్తగా స్థాపించాను. పాత వేదిక తన చోట యథాతథంగా నడుస్తూనే ఉంది. కొత్త దానితో వచ్చే కన్వర్టర్, పాత డేటాబేస్‌ను చదివి సభ్యులను, అంశాలను, సమాధానాలను తన టేబుళ్లలోకి నింపుకుంటుంది. పాత ప్రోగ్రాము నడవనవసరం లేదు. నాకు నిద్ర లేకుండా చేసింది అది కాదండీ, తెలుగు.

వ్యాఖ్యాత: అంటే అక్షరాలు చెడిపోయాయా?

అతిథి: కొత్త సర్వర్‌లో ప్రతి పేజీ నిండా తల మీద గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో కనిపించాయి. అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా, అంటే సంఖ్యలుగా, దాచే ఎన్‌కోడింగ్ పద్ధతి యూటీఎఫ్-8. తెలుగు అక్షరాలన్నీ అందులో మూడేసి బైట్లు తీసుకుంటాయి; వాటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండు రకాల్లో ఒకటి. ఆ బైట్లను లాటిన్-1 అనే పాశ్చాత్య లిపుల పట్టికతో చదివితే వచ్చేవి సరిగ్గా ఆ గుర్తులే. కనుక ఆ తీరు కనిపిస్తే కంగారు పడకూడదు. బైట్లు క్షేమంగానే ఉన్నాయి, చదివేవాడే తప్పు పట్టిక పట్టుకున్నాడు.

వ్యాఖ్యాత: మరి ఇన్నేళ్లూ సరిగ్గా ఎలా కనిపించింది?

అతిథి: రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల. మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందు వెర్షన్లలో, మనం వేరేగా చెప్పకపోతే, టేబుళ్లను లాటిన్-1గానే తయారుచేసేది, అందులోనూ స్వీడిష్ అకారాది క్రమంతో, ఎందుకంటే ఆ సంస్థ స్వీడన్‌లో పుట్టింది. అలా మన వ్యాసాలన్నీ కాగితం మీద స్వీడిష్ పౌరసత్వంతో బతికాయి. ప్రోగ్రాము కూడా లాటిన్-1 అనే చెప్పి బైట్లు ఇచ్చేది, అవే బైట్లు తిరిగి తీసుకునేది. మధ్యలో ఎవరూ అనువదించలేదు గనుక బ్రౌజర్ వాటిని యూటీఎఫ్-8గా చదివి తెలుగు చూపేది. కొత్త ప్రోగ్రాము నిజాయితీగా యూటీఎఫ్-8 అడిగేసరికి, డేటాబేస్ తన దగ్గరున్నది లాటిన్-1 అని నమ్మి, ఒక్కొక్క బైటునూ అనువదించి ఇచ్చింది.

వ్యాఖ్యాత: టేబుల్‌ను యూటీఎఫ్-8కు మార్చమని ఒక ఆదేశం ఇస్తే సరిపోదా?

అతిథి: చాలా సైట్లు అక్కడే మునిగాయి. నేరుగా మార్చమంటే ఆ తప్పు అనువాదాన్నే శాశ్వతంగా రాసేస్తుంది. చేయవలసిందేమిటంటే, ముందుగా టేబుల్‌లో పాఠం ఉన్న నిలువు వరుసను బ్లాబ్ రకానికి మార్చాలి. అంటే ఇవి అక్షరాలు కావు, ఉత్త బైట్లు అని డేటాబేస్‌కు చెప్పాలి. ఆ తరువాత దాన్ని యూటీఎఫ్8ఎంబీ4 అక్షరాలుగా ప్రకటించాలి. మధ్యలో అనువాదానికి తావు లేదు. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అని ఉన్నది మూడు బైట్ల దాకానే దాచగలదు, తెలుగుకు అది చాలు గాని నాలుగు బైట్ల ఎమోజీకి చాలదు. సభ్యులు ఈ రోజుల్లో దండం పెట్టే చేతులు లేకుండా శుభాకాంక్షలు చెప్పరు కదా. ఇదంతా బ్యాకప్ నకలు మీదే చేశాను, అదీ మూడుసార్లు.

వ్యాఖ్యాత: దాంతో అంతా బాగుపడిందా?

అతిథి: 2007 తరువాతి వ్యాసాలు బాగుపడ్డాయి. మొదటి రెండేళ్లు మా పేజీలు తమ ఎన్‌కోడింగ్ లాటిన్-1 అని చెప్పేవి. అలాంటి పేజీలో తెలుగు టైపు చేస్తే బ్రౌజర్ ఒక్కొక్క గుర్తునూ సంఖ్యా సంకేతంగా మార్చి పంపేది. ‘త’ అనే ఒక్క అక్షరం 3108 అనే సంఖ్య, ముందు రెండు గుర్తులు, చివర సెమీకోలన్ కలిసి ఏడు స్థానాలు తీసుకునేది. ‘తెలుగు’ అనే మాటలో గుణింతాలతో కలిపి ఆరు గుర్తులున్నాయి, అంటే 42 స్థానాలు. పీహెచ్‌పీబీబీ 2లో శీర్షికకు ఉన్న చోటేమో 60.

వ్యాఖ్యాత: అంటే ఎనిమిది గుర్తులకే శీర్షిక నిండిపోతుంది!

అతిథి: నిండిపోయి తెగిపోతుంది. అప్పటి మైఎస్‌క్యూఎల్ ఎక్కువైన దాన్ని మారుమాట లేకుండా కోసేసేది, 5.7 నుంచి మాత్రమే, మొదటే కఠిన పద్ధతి పెట్టి, పట్టదని తప్పు చూపుతోంది. వ్యాసాల లోపలి పాఠంలోని సంకేతాలను ఒక చిన్న ప్రోగ్రాముతో మళ్లీ అక్షరాలుగా మార్చగలిగాను, ఎందుకంటే అక్కడ చోటు కొరత లేదు. శీర్షికల సంగతి అలా కాదు. తెగిపోయినది ఏ బ్యాకప్‌లోనూ లేదు, అది డేటాబేస్‌లోకి ఎన్నడూ చేరనే లేదు.

వ్యాఖ్యాత: వాటిని ఏం చేశారు?

అతిథి: చివర విరిగిన సంకేతమున్న శీర్షికలన్నిటినీ జాబితా తీశాను. చాలా వాటికి మొదటి వ్యాసం చదివితే శీర్షిక ఏమై ఉంటుందో తెలిసింది, చేత్తో పూరించాను. కొన్ని రాసినవారినే అడిగాను. ఒక పెద్దాయన తన పద్యానికి పెట్టిన పేరు తనకే గుర్తు లేదని, మొదటి పాదాన్నే పేరుగా పెట్టమని చెప్పారు. అలాగే పెట్టాను.

వ్యాఖ్యాత: పాత డేటాబేస్‌ను తీసేశారా?

అతిథి: లేదండీ. ఇంట్లో ఒక డిస్కులో, బయట ఇంకొక చోట, స్వీడిష్ క్రమంతో సహా అలాగే ఉంచాను. కొత్త వేదికలో మాత్రం సభ్యులందరి చేతా పాస్‌వర్డులు మార్పించాను, దానికి వచ్చినన్ని ఫిర్యాదులు అక్షరాలకు కూడా రాలేదు.