గణితం పుస్తకం: చదివేది మీరే, అడిగేది మాస్టారు

(తెర మీద: అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీ. క్లాసులు అయిపోయిన గది. బోర్డు దగ్గర విద్యార్థిని, మొదటి బెంచీలో లెక్చరర్.)

వ్యాఖ్యాత: బీఎస్సీ మ్యాథ్స్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీపట్టినా మార్కులొస్తాయి. కానీ సిలబస్‌లో లేని పుస్తకం ఒక్క పేజీ సొంతంగా చదవమంటే టెన్షన్. దీనికి మంచి దారి ఒకటుంది. 2003లో షికాగో యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థులు మొదలుపెట్టారు. పేరు డైరెక్టెడ్ రీడింగ్ ప్రోగ్రామ్. డిగ్రీ విద్యార్థికి ఒక పీహెచ్‌డీ విద్యార్థి తోడుంటారు. వారమంతా సొంతంగా చదవాలి, వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవాలి, చివర్లో అందరి ముందూ చిన్న ప్రసంగం ఇవ్వాలి. పరీక్ష ఉండదు.

కలిసి కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో చూడండి. సంఖ్యల వరుస (సీక్వెన్స్) ఒక సంఖ్యకి, అంటే లిమిట్‌కి, దగ్గరవుతూ పోతే అది కన్వర్జెంట్. పదాలేవీ ఒక హద్దు దాటకపోతే బౌండెడ్. మొదటిది ఉంటే రెండోదీ ఉంటుందని ఈ అమ్మాయి నిరూపిస్తోంది.

విద్యార్థిని: కన్వర్జెంట్ సీక్వెన్స్ బౌండెడ్ అండి. లిమిట్ ఎల్ అనుకుందాం. ఒక పదం దాటాక అన్నీ ఎల్‌కి 1 కంటే తక్కువ దూరంలోనే ఉంటాయి. ముందున్న పదాల మాడ్యులస్‌లలో, అంటే మైనస్ గుర్తు వదిలేసిన విలువల్లో, పెద్దది తీసుకుంటే...

లెక్చరర్: ఆగమ్మా. పెద్దది ఉంటుందని ఎలా చెప్తున్నావ్?

విద్యార్థిని: పుస్తకంలో ఉందండి.

లెక్చరర్: 1, 2, 3, 4... ఇలా పోతూనే ఉంటే, ఇందులో పెద్దది చూపించు.

(విద్యార్థిని బోర్డు వైపు చూస్తూ నిలబడుతుంది. కెమెరా కదలదు.)

విద్యార్థిని: లేదండి... కానీ ఇక్కడ ముందున్నవి ఫైనైట్‌గానే ఉన్నాయి, అందుకే పెద్దది ఉంటుంది. కన్వర్జెన్స్ పనికొచ్చింది ఇక్కడేనండి! మిగతావన్నీ ఎల్ దగ్గరే ఉండిపోయాయి.

లెక్చరర్: ఎల్‌కి దూరం 1 బదులు 5 తీసుకుంటే?

విద్యార్థిని: బౌండ్ మారుతుంది, ప్రూఫ్ మారదండి.

వ్యాఖ్యాత: లెక్చరర్ ఒక్క స్టెప్ కూడా చెప్పలేదు. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం అదే. ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు చెప్పేస్తే అది ట్యూషనే అవుతుంది. మన దేశంలో 1993 నుంచి నడుస్తున్న ఎం.టి.టి.ఎస్. (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి గణిత శిబిరాల్లోనూ పాఠం ఇలా ప్రశ్నలతోనే సాగుతుంది. డిగ్రీ విద్యార్థులు తప్పకుండా దరఖాస్తు చేయండి.

మీ కాలేజీలో ఇలాంటిది లేకపోతే ఒక లెక్చరర్‌నో, ఎమ్మెస్సీ చదివే సీనియర్‌నో వారానికి ఒక గంట అడగండి. లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఆఖరి బస్సు చూసుకోవాలి కాబట్టి లంచ్ టైమ్ మేలు. వారానికి రెండు పేజీలు చాలు, పెన్ను పట్టుకునే చదవండి. అర్థంకాని లైను నోట్సులో యథాతథంగా రాసుకుని వెళ్లండి. "సర్, ఇక్కడ ఆగిపోయానండి" అని మొదలుపెట్టండి.