నచ్చావన్నా నమ్మలేని అమ్మాయి

నమస్కారం. విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. వెనక వినిపించే హోరు సముద్రానిది. కిటికీ మూసినా ఆగదు కాబట్టి నా మాటలతోపాటు దాన్నీ వినండి.

ఈ వేసవిలో ఒక ప్రేమనవల చదివాను. పేరు ‘వన్ టు వాచ్’. రాసింది అమెరికా రచయిత్రి కేట్ స్టేమన్-లండన్. 2020లో వచ్చింది. రెండు రాత్రుల్లో చదవడం అయిపోయింది, మూడో రాత్రి నిద్ర పట్టలేదు. ఆ నిద్ర పట్టని రాత్రి గురించే ఈ వీడియో.

ముందు కథ చెబుతాను, ముగింపు మాత్రం చెప్పను. బీ షూమాకర్ అనే అమ్మాయి లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది. లావుగా ఉంటుంది. తనలాంటి ఒంటి తీరు ఉన్నవాళ్లు ఎంత అందంగా ముస్తాబు కావచ్చో ఇంటర్నెట్‌లో రాస్తూ పేరు తెచ్చుకుంటుంది. టీవీలో ‘మెయిన్ స్క్వీజ్’ అనే కార్యక్రమం వస్తుంటుంది. ఒకరి కోసం పాతిక మంది పోటీపడి, వారం వారం కొందరు ఇంటికి వెళ్లిపోగా, చివరికి ఒకరు మిగిలే ఆట. అందులో ఎప్పుడు చూసినా సన్నటివాళ్లేనా, మాలాంటివాళ్లు ప్రేమకు పనికిరారా అని బీ ఒక రాత్రి కోపంగా రాస్తుంది. ఆ రాత ఊరంతా పాకుతుంది. కొత్తగా వచ్చిన నిర్మాత ఆమెకే ఫోన్ చేస్తుంది: ఈసారి నాయికవు నువ్వే. బీ ఒప్పుకుంటుంది. కానీ ప్రేమలో పడే ఉద్దేశం తనకు లేదని ముందే చెబుతుంది. ఎదుట పాతిక మంది మగవాళ్లు, చుట్టూ కెమెరాలు.

నవలలోని కార్యక్రమం కల్పితమే కానీ అలాంటివి నిజంగానే ఉన్నాయి. అమెరికాలో ‘ది బ్యాచిలర్’ 2002లో మొదలైంది. మరుసటి ఏడాది, ఎంచుకునే వంతు అమ్మాయికి ఇస్తూ ‘ది బ్యాచిలరెట్’ వచ్చింది. మన దేశంలో 2009లో రాఖీ సావంత్ టీవీలో స్వయంవరం చేసుకుంది. నిశ్చితార్థం దాకా వెళ్లింది కానీ పెళ్లి కాలేదు. తెలుగులోనూ 2018లో యాంకర్ ప్రదీప్ కోసం వధువును వెతికే కార్యక్రమం ‘పెళ్లిచూపులు’ పేరుతోనే వచ్చింది.

ఆ పేరు పెట్టినవాళ్లకు మన సంగతి బాగా తెలుసు. కెమెరాలు రాకముందే మన ఇళ్లలో ఈ కార్యక్రమం నడుస్తోంది. కూర్చోబెట్టడం, చూడటం, నడవమనడం, పాడమనడం, ఫలితం తర్వాత చెబుతామనడం.

నా పెళ్లిచూపులు ఇదే ఇంట్లో జరిగాయి. తొమ్మిదేళ్లయింది. నాన్న మాడుగుల హల్వా తెప్పించారు. నెయ్యి ఓడుతూ, జీడిపప్పు పలుకులు పైకి తేలుతూ స్టీలు పళ్లెంలో ముక్కలు పేర్చి ఉన్నాయి. అందరికీ నేనే అందించాలి. వంటగదిలో అమ్మ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది: “వాళ్ల ముందు నువ్వు తినకమ్మా.” అమ్మ మీద నాకు కోపం లేదు. లోకం ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు. ఆమె చేయగలిగింది ఆ ఒక్క జాగ్రత్తే. పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లాను. అబ్బాయి మేనత్త నన్ను పైనుంచి కిందికి చూసి, “లక్ష్మీకళ ఉట్టిపడుతోందండీ. కాస్త…” అని ఆగింది. ఆ ‘కాస్త’ తర్వాత మాట లేదు. రెండు అరచేతులూ దగ్గరికి జరిపి చూపించింది, అంతే. గదిలో అందరికీ అర్థమైంది.

కానీ నిద్ర పట్టనివ్వనిది ఆ ‘కాస్త’ కాదు. అలాంటివి చిన్నప్పటి నుంచి ఎన్నో విన్నాను. మూడు రోజుల తర్వాత అబ్బాయి స్వయంగా ఫోన్ చేశాడు. “మీరు నాకు నచ్చారండీ. మా అత్తయ్య మాటలు పట్టించుకోకండి” అన్నాడు. గొంతు కొంచెం వణికింది కూడా. ఆ రాత్రి నేను సంతోషించలేదు. వాకబు మొదలుపెట్టాను. ఇతనికి ఏం లోపం ఉంది? అప్పులున్నాయా? ఇంకెక్కడైనా సంబంధం చెడిందా? నాన్న ఇల్లు రాసిస్తారనుకున్నాడా? నెల రోజులు వెతికినా ఏమీ దొరకలేదు. అయినా వద్దన్నాను. అతనిలో నాకు కనిపించిన తప్పు ఒక్కటే, నేను నచ్చడం.

బీ కథలో నన్ను పట్టుకున్నది సరిగ్గా ఇదే. తన ఒళ్లంటే ఆమెకు అసహ్యం లేదు. అద్దం ముందు నిలబడి ఏడ్చే మనిషి కాదు. రంగులు, కుచ్చులు, బిగుతు గౌన్లు అన్నీ ఇష్టంగా వేసుకుంటుంది. తెగిపోయింది ఆమె నమ్మకం. ఒక మగాడు దగ్గరికి వచ్చి నువ్వు అందంగా ఉన్నావంటే, ఈ మాట నా కోసమా, కెమెరా కోసమా అని ఆమె మనసు వెంటనే లెక్క వేస్తుంది. తిట్టినవాడి దగ్గర ఆ సమస్యే లేదు, అతన్ని వెంటనే నమ్ముతుంది. ఈ చిక్కును పట్టుకున్నందుకు రచయిత్రికి చేతులెత్తి మొక్కుతాను. నీ ఒంటిని నువ్వు ప్రేమించుకో అని చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఎదుటివాడి ప్రేమను నమ్మడం ఎలాగో చెప్పేవాళ్లు అరుదు.

అనుమానానికి టీవీ కన్నా తగిన చోటు లేదు. ఇలాంటి కార్యక్రమాల్లో ఎడిటింగ్ గదిలో ఒక పని చేస్తారు. ఒకరు సోమవారం అన్న సగం మాటను, గురువారం ఇంకెవరి గురించో అన్న సగం మాటకు అతికిస్తారు. ఆ క్షణంలో మనకు ఆ మనిషి ముఖం చూపించరు. ఎదుటివారి ముఖమో, పూలకుండీయో చూపిస్తారు. పెదవులు కనిపిస్తే అతుకు బయటపడుతుంది కదా. ఈసారి ఏదైనా రియాలిటీ షో చూసేటప్పుడు గమనించండి, ఘాటైన మాట వినిపించినప్పుడు అన్నవారి నోరు తెర మీద ఉందో లేదో.

చదువుతున్నంతసేపూ నాకు దమయంతి గుర్తొచ్చింది. స్వయంవరంలో ఆమె ముందు అయిదుగురు నలులు నిలబడ్డారు. నలుగురు దేవతలు, ఒక్కడే మనిషి. రూపంలో తేడా లేదు. మరి ఎలా గుర్తుపట్టింది? దేవతల పాదాలు నేలను తాకలేదు. వాళ్లకు చెమట పట్టలేదు, రెప్ప పడలేదు, మెడలో మాల వాడలేదు. చెమట పట్టి, దుమ్ము అంటి, వాడిన పూలమాలతో, నేల మీద నీడ పడుతూ నిలబడ్డవాడే నలుడు. ఆమె కోరుకున్న ప్రేమకు అవే ఆనవాళ్లు. టీవీ స్వయంవరంలో ఆ ఆనవాళ్లన్నీ మేకప్ వేసి చెరిపేస్తారు. చెమట తుడుస్తారు, నీడ పడకుండా దీపాలు పెడతారు. ఇక బీ దేన్ని చూసి గుర్తుపట్టాలి? నవల నడుమ భాగమంతా ఆ వెతుకులాటే, పుస్తకానికి ప్రాణం కూడా అదే.

కథ మధ్యలో జనం రాసే ట్వీట్లు, పత్రికల వ్యాసాలు, పాడ్‌కాస్ట్ సంభాషణలు వస్తాయి. బీ ఒక మాట అంటే లోకం పది మాటలు అంటుంది. మొదట ఇవి అడ్డం అనిపించాయి. తర్వాత తెలిసింది, ఆమె ప్రేమకథను ఆమెకంటే ముందే లోకం చదివేస్తోందని.

నచ్చనివీ ఉన్నాయి. మగ పాత్రలు ఒక్కొక్కరూ ఒక్కో పాఠం చెప్పడానికి వచ్చినట్టుంటారు. ఫ్రెంచి వంటవాడు, పిల్లల తండ్రి అయిన ప్రొఫెసరు, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో గుర్తు. ఇంకోటి, బీకి బట్టలు వెతికి తెచ్చేందుకు వేరే మనిషి ఉంది. మనకు లేదు. జగదాంబ కూడలి దగ్గర ఒక దుకాణంలో, నేను ఇంకా గుమ్మం దాటకముందే, “మీ సైజు లేదండీ” అన్నారు. నేను వెళ్లింది మా అక్క కూతురికి గౌను కొనడానికి.

అందుకే నాకు చీరంటే గౌరవం. చీరకు సైజు లేదు. అయిదున్నర మీటర్లు ఎవరినైనా చుట్టుకుంటుంది. కొలతల బాధంతా జాకెట్టుదే. మా వీధి దర్జీ తాత నోటుపుస్తకం దగ్గర కుర్రాణ్ణి కూర్చోబెట్టి, కొలతలు పైకి అరిచి రాయించేవాడు. వరుసలో ఉన్న అందరికీ నా అంకెలు వినపడేవి. ఒకరోజు ధైర్యం చేసి, “తాతా, కొంచెం మెల్లగా చెప్పు” అన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. కుర్రాడి చేతిలోని పెన్సిలు తీసుకుని తనే రాసుకున్నాడు. ఆ తర్వాత నాకే కాదు, ఎవరికీ అరవలేదు. మొన్న ఒక పదిహేనేళ్ల పిల్ల కొలతలిస్తూ పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టింది. “వదులమ్మా, ఊపిరి తీసుకునేటట్టు కుట్టాలి కదా” అన్నాడు.

ఒంటి తీరును గౌరవించాలనే ఉద్యమం కూడా అలాంటి చిన్న నిరసనలతోనే మొదలైంది. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సుమారు 500 మంది లావుపాటివాళ్లు, వాళ్ల పక్షం వహించేవాళ్లు కలిసి కూర్చుని తిన్నారు. నలుగురిలో కూర్చుని తినడమే నిరసన! ఆ సంగతి చదివినప్పుడు నా కళ్ల ముందు కదిలింది ఆ హల్వా పళ్లెం.

వచ్చే ఆదివారం గాజువాకలో మా పిన్ని కూతురి పెళ్లిచూపులు. నన్ను రమ్మన్నారు. పిన్నికి నిన్న ఫోన్ చేసి రెండు సంగతులు అడిగాను. అబ్బాయి తరపువాళ్లు ఎవరైనా ‘కాస్త’ అని ఆగితే, ఆ వాక్యం పూర్తిచేయమని అడగాలి. పిల్ల పక్కన నేను కూర్చుంటాను, ఇద్దరికీ కలిపి ఒక పళ్లెం పెట్టాలి. పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మాడుగుల నుంచి తెప్పించనా?” అంది.